మనసు కుంగినప్పుడు ఫోన్‌లో ఏ దారి పట్టాలి: హెల్ప్‌లైన్లు, ప్రశ్నావళులు, చాట్‌బాట్లు, డాక్టర్ల జాబితాల పోలిక

బతకాలని లేదన్న ఆలోచనతో ఈ క్షణంలోనే సతమతమవుతున్నవారు, అలాంటివారి పక్కన కూర్చుని ఏం చేయాలో తోచక వెతుకుతున్నవారు ఈ వ్యాసమంతా చదవనక్కరలేదు. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా హాని జరిగి ఉంటే ముందు 108కో 112కో ఫోన్ చేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి చేర్చండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

కాస్త తీరిక ఉన్నవారికి, ముఖ్యంగా ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరి కోసం ముందుగానే దారి వెతికి పెట్టుకోవాలనుకునేవారికి ఈ పోలిక ఉపయోగపడుతుంది. నిద్ర పట్టడం లేదనో, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదనో ఫోన్‌లో వెతికిన మనిషికి క్షణాల్లో రకరకాల సాధనాలు ఎదురవుతాయి. ఒకటి తొమ్మిది ప్రశ్నలు అడిగి స్కోరు చెబుతుంది, మరొకటి బొమ్మ ముఖం పెట్టుకుని మాట కలుపుతుంది, ఇంకొకటి డాక్టర్ల ఫొటోలూ ఫీజులూ చూపిస్తుంది, ఎక్కడో పక్కన ఒక హెల్ప్‌లైన్ నంబరు కనిపిస్తుంది. పేరుకు అన్నీ సాయమే అయినా వాటిలో కొన్ని వింటాయి, కొన్ని కొలుస్తాయి, కొన్ని శ్వాస వ్యాయామాల వంటివి నేర్పుతాయి, కొన్ని చిరునామా చేతిలో పెట్టి ఊరుకుంటాయి. కుంగిపోయి ఉన్న మనిషికి ఈ తేడాలు కనిపెట్టే ఓపిక ఉండదు. మొదట పట్టుకున్నది పనికిరాకపోతే, ఇక దేనివల్లా లాభం లేదనే నిర్ణయానికి రావడం కూడా ఆ స్థితిలో చాలా తేలిక. అందువల్ల ఆ ఎంపికను మనసు కుదురుగా ఉన్న సమయంలో, లేదా కుదురుగా ఉన్న మరొకరు చేసి పెట్టడం మంచిది.

ఈ సాధనాలను పోల్చడానికి నేను అన్నిటికన్నా ముందు పెట్టే ప్రశ్న ఒక్కటే: దీన్ని పట్టుకుని వెళ్తే, నా మాట అర్థమయ్యే మనిషి దగ్గరికి ఎన్ని అంచెల్లో చేరతాను? ఒక సాధనం ఎంత అందంగా ఉన్నా, ఎంతమంది ఐదు నక్షత్రాలు ఇచ్చినా, దాని చివర మనిషి లేకపోతే అది సగం దారి మాత్రమే. దీని వెనుకే వచ్చే రెండో ప్రశ్న, నేను చెప్పగలిగిన అత్యంత బరువైన మాట చెప్పినప్పుడు అది ఏం చేస్తుంది అన్నది. భాష, పనివేళలు, ఖర్చు, గోప్యత ఆ తర్వాత చూసుకోవలసినవి.

టెలి మానస్

ఈ రెండు ప్రశ్నలకూ తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఇప్పుడు సరిగ్గా నిలబడే జవాబు టెలి మానస్ అని నా అభిప్రాయం. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ఇది మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి జాతీయ కేంద్రంగా ఉంది. 14416కు గానీ 1800-891-4416కు గానీ ఫోన్ చేయవచ్చు. 20 భాషల్లో సేవ అందుతుంది. 2025 నాటికి ఈ నంబర్లకు 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

దీని బలం దాని నిర్మాణంలో ఉంది. నంబరు కలపగానే యంత్రం గొంతు భాష ఎంచుకోమంటుంది. భాష నొక్కిన తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. పేరు, వయసు, ఏ ఊరు వంటివి అడగవచ్చు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పవచ్చు. పరీక్షల భయం, ఇంట్లో గొడవ, నిద్రలేమి వంటి చాలా విషయాలు మొదటి అంచెలోనే తేలిపోతాయి. మందులు అవసరమనిపించినా, ప్రాణానికి ముప్పు కనిపించినా రెండో అంచెలో మానసిక వైద్యులు ఉంటారు. అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికో, వైద్య కళాశాల ఆసుపత్రికో దారి చూపుతారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి నడుస్తున్నా, తమ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం దొరకవచ్చన్న సంగతే తెలియని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఒక ఫోన్ కాల్ వారిని అక్కడి దాకా తీసుకెళ్లగలగడం చిన్న విషయం కాదు. ఒకే తీగ మీద గొంతు, వైద్యుడు, ఆసుపత్రి మూడూ ఉన్న ఏర్పాటు ఇక్కడ పోల్చిన మరే సాధనంలోనూ లేదు.

పైగా దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, బ్యాలెన్స్ ఖర్చు కాదు. కీప్యాడ్ ఫోన్ వాడే కౌలు రైతుకూ, చదవడం రాని పెద్దావిడకూ పనికొచ్చే మానసిక ఆరోగ్య సాధనాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని కూడా లేవు. వాటిలో ఇదొకటి. ఫోన్‌లో మాట్లాడటం కష్టమైనవారి కోసం 2024 అక్టోబరులో టెలి మానస్ యాప్ వచ్చింది, వీడియో సంప్రదింపులు కూడా మొదలయ్యాయి. 2025 అక్టోబరులో ఆ యాప్‌ను తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో వాడుకునే వీలు కల్పించి, అస్మి అనే చాట్‌బాట్‌ను చేర్చారు. అయినా యాప్ కన్నా ఫోన్ కాల్‌నే ముందు ప్రయత్నించమని చెబుతాను. దిగులుతో ఉన్న మనిషికి యాప్ దించుకోవడం, అనుమతులు ఇవ్వడం, ఓటీపీ కోసం ఎదురుచూడటం కూడా కొండంత పని.

పరిమితులు లేకపోలేదు. వారం వారం ఒకే మనిషితో నెలల తరబడి సాగే థెరపీ దీని ఉద్దేశం కాదు. మొదటిసారి మాట్లాడిన కౌన్సెలరే మళ్లీ దొరుకుతారన్న హామీ లేదు కనుక కథను మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి రావచ్చు. కొందరికి అది గాయాన్ని రెండోసారి కెలికినట్టు ఉంటుంది. అటువంటివారు మొదటి కాల్‌లోనే తమకు దీర్ఘకాల సాయం కావాలని స్పష్టంగా అడగాలి.

వినడానికి ఉన్న స్వచ్ఛంద సంస్థలు

అందరికీ వైద్యం అక్కరలేదు. ఎవరికీ చెప్పుకోలేని మాటను ఒక అపరిచిత వ్యక్తి ముందు పెట్టుకుంటే చాలుననుకునేవారు ఉంటారు. హైదరాబాద్‌లో 1997 నుంచి పనిచేస్తున్న రోష్ని సంస్థ ఇలాంటిది. 040-66202000 నంబరులో శిక్షణ పొందిన వాలంటీర్లు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో మాట్లాడతారు. ఇలాంటి చోట్ల సలహాలు ఇవ్వరు, తప్పొప్పులు ఎంచరు, శ్రద్ధగా వింటారు. సలహాలతో విసిగిపోయిన మనిషికి ఇది పెద్ద ఊరట. అయితే రోగ నిర్ధారణ, మందులు, ఆసుపత్రి ఏర్పాట్లు వారి పని కావు. రాత్రంతా తెరిచి ఉండరు కూడా.

వంద్రేవాలా ఫౌండేషన్ 9999666555 నంబరులో ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటుంది, వాట్సాప్ సందేశం పంపినా స్పందిస్తుంది. పక్కగదిలో అత్తమామలు ఉండగా నోరు విప్పి మాట్లాడలేని కోడలికి, హాస్టల్ గదిలో మరో ముగ్గురి మధ్య పడుకున్న విద్యార్థికి టైపు చేయగలగడమే అసలైన తేడా. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నడిపే ఐకాల్‌లో మనస్తత్వ శాస్త్రంలో చదువుకున్న కౌన్సెలర్లు ఉంటారు (9152987821, సోమవారం నుంచి శనివారం వరకు, ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా). ఇలాంటి జాతీయ సంస్థల్లో ఏ పూట తెలుగు వచ్చినవారు ఉంటారో చెప్పలేం. ఇంగ్లీషులోనో హిందీలోనో తన బాధ చెప్పుకోగలిగినవారికి ఇవి మంచివే. తెలుగులో తప్ప ఏడవలేని మనిషికి మాత్రం టెలి మానస్‌నో రోష్నినో ముందు ఉంచాలి.

స్కోరు చెప్పే ప్రశ్నావళులు

ఆన్‌లైన్‌లో అతి విరివిగా కనిపించేవి పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7. మొదటిది కుంగుబాటును, రెండోది ఆందోళనను అంచనా వేస్తుంది. రెండూ గత రెండు వారాల గురించే అడుగుతాయి, రెండూ ఉచితం. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలకూ సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. 5 నుంచి 9 వస్తే స్వల్పమనీ, 10 నుంచి 14 మధ్యస్థమనీ, 20 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమనీ లెక్క. ఇవి డాక్టర్లు కూడా వాడే కొలమానాలే కనుక వీటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. "నాకేదో అయింది" అన్న అస్పష్టమైన భయానికి ఒక రూపం ఇచ్చి, డాక్టరు ముందు మాట పెగలని మనిషి చేతికి ఒక కాగితం అందిస్తాయి.

వీటిని పెట్టిన వెబ్‌సైట్ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునన్న ఆలోచనలూ తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలూ ఎన్ని రోజులు వచ్చాయని అడుగుతుంది. ఒక మనిషి నిద్ర, ఆకలి, ఏకాగ్రతల దగ్గర తక్కువ మార్కులు వేసుకుని, తొమ్మిదో ప్రశ్న దగ్గర "కొన్ని రోజులు" అని గుర్తు పెట్టాడనుకుందాం. మొత్తం స్కోరు ఆరే వస్తుంది, అంటే "స్వల్పం". మొత్తాన్ని మాత్రమే చూసే వెబ్‌సైట్ అతనికి కాస్త నడక, కాస్త ధ్యానం చేయమని చెప్పి పంపేస్తుంది. ఆలోచించి తయారుచేసిన వెబ్‌సైట్ మాత్రం స్కోరుతో నిమిత్తం లేకుండా ఆ ఒక్క జవాబును పట్టుకుని, అదే తెర మీద, నొక్కగానే ఫోన్ కలిసేలా హెల్ప్‌లైన్ నంబరు చూపిస్తుంది. ఇతరులకు ఒక ప్రశ్నావళి లింకు పంపేముందు మీరే ఇలా ఒకసారి నింపి చూడండి. ఆ జవాబుకు ఏ స్పందనా లేని వెబ్‌సైట్ లింకు ఎవరికీ పంపకండి.

ఇంకో మాట. మన పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో, మనోవ్యథ చాలాసార్లు ఒంటి బాధగానే బయటికి వస్తుంది: గుండెదడ, తలపోటు, కాళ్లు లాగడం, ఒళ్లంతా మంటలు, నీరసం. ఏళ్ల తరబడి ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ తిరిగే మనిషి "ఉత్సాహం తగ్గిందా" అన్న ప్రశ్నకు లేదనే చెప్పవచ్చు. అటువంటివారి విషయంలో ప్రశ్నావళి స్కోరు తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. తెలుగులో తీరిగ్గా అడిగే మనిషి గొంతే వారికి సరైన పరీక్ష.

చాట్‌బాట్లు, ఏఐ

అర్ధరాత్రి రెండింటికి ఎవరినీ లేపకుండా, ఎవరూ తీర్పు చెప్పరన్న ధైర్యంతో మాట్లాడగలిగేది చాట్‌బాట్ ఒక్కటే అనిపిస్తుంది చాలామందికి. ఆ ఆకర్షణను నేను తప్పుపట్టను. సిగ్గువల్ల మనిషితో చెప్పుకోలేనిది యంత్రంతో చెప్పుకుని, అలా మాట కలిపే అలవాటు చేసుకుని, తర్వాత కౌన్సెలర్ దగ్గరికి వెళ్లగలిగితే అది లాభమే. బెంగళూరులో పుట్టిన వైసా ఈ రకానికి చెందినది. పెంగ్విన్ రూపంలో మాట కలిపి, ఆలోచనల తీరును గమనించుకునే అభ్యాసాలు, శ్వాస వ్యాయామాలు చేయిస్తుంది. స్వల్పమైన ఆందోళన, పని ఒత్తిడి, నిద్రకు ముందు ఆగని ఆలోచనలు ఉన్న, ఇంగ్లీషు సులువుగా చదవగల యువతకు ఇది పనికొస్తుంది.

కానీ పట్టుకుని వెళ్తే మనిషి దగ్గరికి చేరతామా అన్న ప్రశ్న ఇక్కడ గట్టిగా అడగాలి. అమెరికాలో ఆహార సంబంధ మానసిక రుగ్మతల కోసం పనిచేసే జాతీయ సంఘం 2023లో మనుషులు నడిపే తన హెల్ప్‌లైన్‌ను మూసివేయాలని నిర్ణయించి, టెస్సా అనే చాట్‌బాట్ మీద ఆధారపడబోయింది. తిండి విషయంలో నలిగిపోతున్న వారికే అది బరువు తగ్గడానికి కేలరీలు లెక్కపెట్టుకోమని చెబుతోందని బయటపడటంతో, మే నెలాఖరులో దాన్ని తీసేయవలసి వచ్చింది. వినడానికి మామూలు ఆరోగ్య సలహాలా ఉన్న ఆ మాట, ఆ రుగ్మత ఉన్నవారికి విషంతో సమానం. ఎదుట ఉన్నది ఎవరో తెలియకుండా ఇచ్చే సలహాలో ఉండే ప్రమాదం ఇదే. ఇలాంటి యాప్‌లలో తొలినాళ్ల నుంచి పేరున్న వోబాట్ కూడా 2025 జూన్ 30న మూతపడింది. కంపెనీ నడిచినంత కాలమే దాని యాప్ ఉంటుంది కనుక, ఏ చాట్‌బాట్ వాడేవారైనా పక్కన ఒక మనిషి నంబరు కూడా ఉంచుకోవాలి.

చాట్‌జీపీటీ వంటి సాధారణ ఏఐ సాధనాలను మానసిక సాయానికి వాడటం ఇప్పుడు తెలుగు యువతలోనూ పెరుగుతోంది. వాటికి తెలుగు వస్తుంది, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా అర్థం చేసుకుంటాయి. విషయం తెలుసుకోవడానికి, డాక్టరును ఏమేం అడగాలో రాసుకోవడానికి, ఇంట్లో వాళ్లకు చెప్పవలసిన మాటను ముందుగా కూర్చుకోవడానికి అవి నిజంగా ఉపయోగపడతాయి. అయితే అవి ఆ పని కోసం తయారైనవి కావు. సంభాషణ సాగే కొద్దీ మన మాటకు వంత పాడే గుణం వాటిలో ఉంది, నిరాశతో నిండిన మనసుకు వంత పాడేవారు తోడుకావడం మంచిది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో ఏఐ చేత థెరపీ చేయించడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం వచ్చేదాకా ఆగకుండా ఇంట్లోనే ఒక నియమం పెట్టుకోవచ్చు: చావు, హాని అన్న మాట మనసులోకి వచ్చిన క్షణం నుంచి టైపు చేయడం ఆపి మనిషితో మాట్లాడాలి.

ఏ చాట్‌బాట్‌నైనా ఒకరికి సూచించేముందు "నాకు బతకాలని లేదు" అని తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, "నేను లేకపోతే పిల్లల్ని ఎవరు చూస్తారో" వంటి చుట్టు తిప్పిన మాటగా మరోసారి రాసి చూడండి. మనవాళ్లలో చాలామంది చెప్పేది ఆ మూడో రకంగానే. దానికి వెంటనే భారతదేశంలో పనిచేసే నంబరు చూపిస్తే నమ్మదగినదే. వేరే దేశపు నంబరు చూపినా, ఓదార్పు మాటలతో సరిపెట్టినా దాన్ని పక్కన పెట్టండి.

డాక్టర్ల జాబితాలు

ఊరి పేరు కొడితే డాక్టర్లను చూపే వేదికలు, ఆన్‌లైన్ థెరపీ కంపెనీలు ఇప్పటికే సాయం తీసుకోవాలని నిశ్చయించుకున్నవారికి పనికొస్తాయి. ఇంకా తటపటాయిస్తున్నవారిని అంత పెద్ద జాబితా అయోమయంలో పడేస్తుంది. ఇక్కడ ముఖ్యంగా చూడవలసింది అర్హత. మందులు రాసే మానసిక వైద్యులకు వైద్య మండలి నమోదు ఉంటుంది, క్లినికల్ సైకాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది. కౌన్సెలర్, లైఫ్ కోచ్, హీలర్ అన్న బోర్డులు వారాంతపు శిక్షణ తీసుకున్నవారు కూడా పెట్టుకోగలరు. నమోదు సంఖ్య అడగడంలో తప్పేమీ లేదు, అర్హత ఉన్నవారు సంతోషంగా చెబుతారు. ఫీజు భరించలేనివారు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థనో, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ ఆసుపత్రినో గుర్తు పెట్టుకోవాలి. ఆ ఊళ్ల పేర్లను వెక్కిరింతగా వాడే పాడు అలవాటు వల్ల ఎందరో ఆ గడప తొక్కడానికి భయపడుతున్నారు. అవుట్‌పేషెంటుగా చూపించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి తిరిగివచ్చేవారు అక్కడ ప్రతిరోజూ ఉంటారు.

గోప్యత, చట్టం, ఇంట్లో అందరూ వాడే ఫోను

"ఫోన్ చేస్తే పోలీసు కేసవుతుందేమో" అన్న భయం ఇప్పటికీ బలంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, విచారించి శిక్షించకూడదనీ చెబుతుంది. ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలన్న హక్కు కూడా 2017 చట్టంలోనే ఉంది. ఈ భయంతో ఆగిపోయినవారికి ఈ సంగతి చెప్పండి.

యాప్ కంపెనీల విషయంలో జాగ్రత్త మరో రకం. బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ కంపెనీ తన వినియోగదారుల సున్నితమైన సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు ఇచ్చిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఉచితమన్న యాప్ కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు అడుగుతోందో ఆలోచించి, అక్కరలేని అనుమతి నిరాకరించండి.

మన ఇళ్లలో అసలు సమస్య కంపెనీలకన్నా దగ్గరలో ఉంటుంది. ఒకే ఫోన్‌ను భర్త, పిల్లలు, అత్తగారు వాడే ఇంట్లో యాప్ గుర్తు తెర మీద కనిపిస్తుంది, వేళ కాని వేళ "ఈరోజు మీ మనసెలా ఉంది" అని నోటిఫికేషన్ వస్తుంది. అటువంటి ఇల్లాలికి కాల్ చేసి, హిస్టరీలోంచి ఆ నంబరు తీసేయగలిగే హెల్ప్‌లైన్ ఎక్కువ క్షేమం. దిగులుకు మూలం ఇంట్లోని హింసే అయితే మహిళల హెల్ప్‌లైన్ 181 కూడా గుర్తుంచుకోవాలి. లోన్ యాప్ వేధింపులతో కుంగిపోయినవారికి మనసుకు సాయంతోపాటు సైబర్ నేరాల నంబరు 1930 అవసరం. వేధింపు ఆగకుండా ఎంత ఓదార్చినా ఆ మనిషికి నిద్ర పట్టదు.

విదేశాల్లో ఉన్నవారికి

డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న విద్యార్థికి 14416 పనిచేయదు. ఇక్కడి చిన్న నంబర్లు బయటి దేశాల నుంచి కలవవు. అమెరికాలో 2022 జులై నుంచి 988 ఉంది, కాల్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. ఫోన్‌లో 240కి పైగా భాషలకు దుబాసీ సాయం ఇస్తారు, "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అంటే చాలు. కెనడాలో కూడా 2023 నవంబరు నుంచి 988 పనిచేస్తోంది. బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123, ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ 111కు ఫోన్ చేసి 2 నొక్కితే మానసిక ఆరోగ్య సిబ్బంది, ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14. వీసా పోతుందేమో, చదువు రికార్డులో పడుతుందేమో అని చాలామంది తెలుగు విద్యార్థులు విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లరు. గోప్యత నియమాలేమిటో మొదటి నిమిషంలోనే ఆ కేంద్రాన్ని అడిగి తెలుసుకోవచ్చు. ఇంటి నుంచి తల్లిదండ్రులు చేయగలిగింది, పిల్లలు విమానం ఎక్కకముందే ఆ దేశపు నంబరును ఫోన్‌లో వేసి పంపడం.

ఎవరికి ఏది

కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లల చేతిలో ఫోనే ఉండదు. వారికి ఏ యాప్ బాగుందని పోల్చడం వ్యర్థం. ఆదివారం ఇంటికి చేసే ఫోన్ కాల్‌లో మార్కుల సంగతి కాక నిద్ర, తిండి సంగతి అడిగే తల్లిదండ్రులు, 14416 నంబరు గోడమీద పెద్దక్షరాల్లో అంటించి అక్కడి ఫోను వాడనిచ్చే వార్డెను వారికి సాధనాలు. ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లలతోపాటు తల్లిదండ్రులూ ఆ నంబరుకు ఫోన్ చేసి ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ఒంటరిగా ఉన్న వృద్ధులకు ఎల్డర్ లైన్ 14567, తాగుడు నుంచి బయటపడాలనుకునేవారికి 14446 మొదటి మెట్టు. కంపెనీ ఇచ్చే కౌన్సెలింగ్ సదుపాయం ఉన్న ఐటీ ఉద్యోగులు, హెచ్‌ఆర్‌కు పేర్లు వెళ్తాయా అని ముందే లిఖితపూర్వకంగా అడిగి వాడుకోవచ్చు. వెళ్తాయంటే బయటి దారి చూసుకోవాలి. రోజువారీ ఒత్తిడి మాత్రమే ఉండి, చదివి అభ్యాసం చేయగల ఓపిక ఉన్నవారికి వైసా వంటి యాప్ ఒక నెల వాడి చూడటంలో తప్పులేదు. నిద్ర, తిండి, పని మూడూ రెండు వారాలకు మించి దెబ్బతిన్నవారు, లేనిపోని మాటలు వినిపిస్తున్నాయనో ఎవరో వెంటపడుతున్నారనో చెప్పేవారు, కాన్పు తర్వాత బిడ్డను చూడటానికి కూడా మనసు రాని తల్లులు యాప్‌ల జోలికి పోకుండా నేరుగా టెలి మానస్‌కో ఆసుపత్రికో వెళ్లాలి.

ఫోన్ కలిసిన తర్వాత ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసేవారు చాలామంది. మూడు వాక్యాలు చాలు, వాటిని కాగితం మీద రాసుకుని చదివినా పరవాలేదు: ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది, ఈరోజు ఫోన్ చేసేంతగా ఏం జరిగింది, ఇప్పుడు చనిపోవాలన్న ఆలోచన ఉందా లేదా. ఆ మూడో వాక్యం దాచకండి, ఎంత వేగంగా సాయం పంపాలో వారు దాన్ని బట్టే నిర్ణయిస్తారు. ఇతరుల తరఫున చేస్తున్నట్లయితే పక్కన కూర్చుని, స్పీకర్ పెట్టి, వారే మాట్లాడటం మొదలుపెట్టేదాకా మీరు మాట్లాడండి. లైను బిజీగా ఉంటే మళ్లీ చేయండి, అప్పటికీ కలవకపోతే రెండో నంబరుకు మారండి. ఒక పూట మాట్లాడిన కౌన్సెలర్ మాట మనసుకు పట్టకపోతే మరో పూట మరొకరితో మాట్లాడతానని చెప్పి ఫోన్ పెట్టేయవచ్చు, అందుకు ఎవరూ ఏమీ అనుకోరు.